పెద్దక్క పిట్టలు, మా ఆయన చిలక

మా సంఘంలో ఎవరైనా ఏదైనా అడిగితే మొహం మీద కాదనం. "ప్రార్థన చేసి చెబుతాం" అంటాం. వచ్చిన సంబంధం నచ్చకపోతే అదే మాట. క్వయర్‌లో పాడమంటే గొంతు లేనివాళ్ళది అదే మాట. పండక్కి పెద్ద గిన్నెలు అరువడిగినా అదే మాట. విన్నవాళ్ళు అర్థం చేసుకుని మళ్ళీ అడగరు. మా అమ్మమ్మల కాలంనుంచీ నడుస్తున్న మర్యాద ఇది. ఎవరి మనసూ నొచ్చుకోదు. మధ్యలో తన పేరు వాడుకున్నందుకు దేవుడు కూడా ఏమీ అనుకోడని మా నమ్మకం.

పెద్దక్క ఒక్కతే అన్న మాటని అన్నట్టుగా నమ్మే రకం. ఆ సంగతి తెలిసి కూడా నేను ఆ మాట అనేశాను.

పెద్దక్క అంటే నాకు తోడబుట్టింది కాదు. మిషను బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. మా చీపురుపల్లిలో చర్చి వెనక వీధిలో ఒక్కతే ఉంటుంది. ఊళ్ళో సగం మందికి అక్షరాలు దిద్దించింది కాబట్టి ఊరందరికీ ఆవిడ పెద్దక్కే. ఆవిడకో జత లవ్ బర్డ్స్ ఉన్నాయి. పచ్చటి ఒళ్ళు, నారింజరంగు మొహాలు. ఎప్పుడు చూసినా ఒకదాన్నొకటి ఆనుకుని కూచుంటాయి. ఒక ఆదివారం ఆరాధన అయిపోయాక నేను చెప్పులు వెతుక్కుంటుంటే ఆవిడ పక్కకి పిలిచింది.

"సెల్లీ, కొన్నాళ్ళు వైజాగ్‌లో ఉండి వైద్యం సేయించుకోవాలి. నా పిట్టల్ని నీ దగ్గర ఉంచుకుంటావేటి? నీకెలాగూ సిలక ఉన్నాది కదా, పిట్టల్ని సూసుకోడం తెలుసు."

"ప్రార్థన చేసి చెబుతానక్కా" అన్నాను, అలవాటు కొద్దీ. కుదరదని చెప్పేశాననే అనుకున్నాను.

ఆవిడ నా చెయ్యి పట్టుకుని కళ్ళొత్తుకుంది. "అంతకన్నా నాకేటి కావాలే" అంది.

చిలక ఉంది కాబట్టే కుదరదని ఆవిడకెలా చెప్పను?

మా ఆయన బస్సు కండక్టరుగా చేశాడు. ఎక్కువ కాలం విజయనగరం, పాలకొండ రూటు. ఆ చిలకని తెచ్చింది ఆయనే. ఓసారి పెద్ద గాలివాన వెలిసిన మర్నాడు గుర్ల దగ్గర రోడ్డు పక్కన చెట్లు పడి బస్సు ఆగిపోతే, కొమ్మల కింద దొరికిందట. ఇంకా ముక్కు కూడా సరిగ్గా ఎర్రబడని పిల్ల. టికెట్ల సంచిలో వేసుకుని తెచ్చాడు. రెక్క విరిగింది, వంకరగా అతుక్కుంది. ఎగరలేదు. రామచిలకని ఇంట్లో పెంచడం చట్టప్రకారం తప్పని తెలుసు. ఎగరలేని దాన్ని ఏ చెట్టు మీద వదలాలో చెప్పేవాళ్ళెవరూ కనపడక ఉంచేసుకున్నాం. అది ఆయన దగ్గర మాటలు నేర్చింది. "టికెట్, టికెట్" అనేది. "ముందుకి జరగండమ్మా" అనేది. అచ్చం ఆయన గొంతే. నేను అన్నం వడ్డిస్తుంటే చాలన్నట్టు "రైట్ రైట్" అని ఆయన అరిచేవాడు, పంజరంలోంచి అదీ అరిచేది. ఇద్దరి మీదా చిరాకుపడేదాన్ని.

తర్వాత ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడికాలు కొంత కోలుకుంది, చెయ్యి సగం. మాట మాత్రం రాలేదు. అన్నీ అర్థమవుతాయి, చెప్పాలనీ ఉంటుంది, కానీ నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోతుంది. రోజంతా వందలమందిని కేకేసి ఎక్కించి దించిన మనిషి, మంచినీళ్ళు కావాలంటే గ్లాసు చూపించడం మొదలుపెట్టాడు. పలకరించడానికి వచ్చినవాళ్ళ ముందు ఓసారి ఏదో చెప్పబోయి రాక ఏడ్చేశాడు. అప్పట్నుంచి మనుషుల ముందు నోరు తెరవడమే మానేశాడు. నా ముందు కూడా.

ఒకరోజు పొద్దున్న నేను వంటింట్లో పోపు వేస్తున్నాను. వసారాలో చిలక అరిచింది, "ఇజీనగరం... నెల్లిమర్ల..." అని. ఆయన రూటులో స్టాపుల పేర్లవి, దానికి అంతవరకే వచ్చు. అక్కడ ఆగింది. ఆగిన చోట మా ఆయన గొంతు వినపడింది.

"గుర్ల."

పోపు మాడిపోయింది. నేను కదల్లేదు. చిలక మళ్ళీ మొదట్నుంచి అంది. ఆయన మళ్ళీ "గుర్ల" అన్నాడు. కాసేపాగి, బరువెత్తుతున్న మనిషిలా, "గ... గరివిడి" అన్నాడు.

అదే మా ఇంటి రహస్యం. రోజూ పొద్దున్న కాఫీ తాగాక ఆయన పంజరం పక్కన కుర్చీలో కూచుంటాడు. చిలక బస్సు బయల్దేరదీస్తుంది, ఆయన నడుపుతాడు. కొన్నాళ్ళకి రాజాం దాకా వెళ్ళాడు. మధ్యలో "జరగండమ్మా" కూడా వచ్చింది. తప్పు పలికితే చిలక జాలిపడదు, ఎదురుచూడదు, దాని పాటికది మళ్ళీ మొదలెడుతుంది. అందుకేనేమో దాని ముందు ఆయనకి సిగ్గు లేదు. నేను గుమ్మంలోకి వస్తే చాలు, టక్కున ఆపేస్తాడు. అందుకని నేను తలుపు చాటున నిలబడి వినేదాన్ని. పెళ్ళైన కొత్తలో కూడా ఆ మనిషి మాట కోసం అంత ఆశగా చెవి ఒగ్గలేదు. విశాఖపట్నంలో మాటల డాక్టరుకి చెబితే, "ఎలా వస్తే అలా రానివ్వండి, ఆపొద్దు" అన్నాడు.

సంఘంలో ఎవరికీ చెప్పలేదు. చెబితే ఊరుకుంటారా? ఆదివారం ఆయన్ని ముందుకి నడిపించి, మైకు నోటి దగ్గర పెట్టి సాక్ష్యం చెప్పమంటారు. ప్రేమతోనే చేస్తారు. ఆ ప్రేమకి ఆయన మళ్ళీ మూగవాడైపోతాడని నా భయం.

అందుకే పెద్దక్కకీ తెలియదు.

ఆ పిట్టలొస్తే చిలక మాట మానేస్తుందేమోనన్న భయమే తప్ప, ఏమవుతుందో నిజానికి నాకూ తెలియదు. పశువుల డాక్టర్ని అడుగుదామంటే ఆయన గవర్నమెంటు మనిషి, చిలక సంగతి పైవాళ్ళకి తెలుస్తుంది. బజారులో కిరాణాకొట్టు సావుకారు పిట్టల గింజలు కూడా అమ్ముతాడు, ఆయన్ని అడిగాను. కొర్రలు తూస్తున్నవాడల్లా ఆగాడు.

"మా ఇంట్లో గోరింక ఉండీదమ్మా. మా తాత పేరెట్టి పిలిసీది. మా మనవరాలు ముచ్చటపడి ఈ లవ్ బర్డ్స్ తెచ్చినాది. కొన్నాళ్ళకే గోరింక మనిసి మాట మర్సిపోనాది. పిట్టకి పిట్ట బాస దొరికితే మన బాస దేనికి సెప్పండి? మాటొచ్చిన పిట్ట దగ్గర వీటినెట్టకండి."

ఇంటికొచ్చేదారిలో గట్టిగా నిర్ణయించేసుకున్నాను. కుదరదంటే కుదరదు. ప్రార్థనలో దారి కనపడలేదక్కా అని చెప్పేస్తే అయిపోతుంది. ఆ మాటక్కూడా మాలో మర్యాద ఉంది.

అంతలో గురువారం వచ్చింది. గురువారం మధ్యాహ్నాలు స్త్రీల సమాజం కూడుకుంటాం. పాస్టరుగారి భార్య ప్రార్థన విన్నపాలు ఏమైనా ఉన్నాయా అని అడిగింది. పెద్దక్క లేచింది.

"నా పిట్టల గురించి మన సెల్లి ప్రార్థన సేస్తన్నాది. మీరందరూ కూడా సెయ్యండి. వాటికి నీడ దొరికితే నేను ధైర్యంగా ఆపరేసన్‌కి ఎల్తాను."

ఆపరేషన్ అన్న మాట నేను అప్పుడే విన్నాను. అందరూ కళ్ళు మూశారు. ఒకావిడ పిచ్చుకల్ని కూడా మరిచిపోని తండ్రీ అంటూ మొదలుపెట్టింది. ఇంకొకావిడ మా ఇంటిని దీవించమంది. మా వసారా ఎంత చల్లగా ఉంటుందో దేవుడికి వివరంగా చెప్పింది. అందరూ ఆమేన్ అన్నారు. నేనూ అన్నాను, కావలసినదానికన్నా గట్టిగానే. సమాజం ఆమేన్ అన్నాక వెనక్కి తీసుకోవడం మాలో లేదు. ఎవరూ నన్ను బలవంతం చెయ్యలేదు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం అన్నట్టుగా నా మాటకి నేనే చిక్కుకున్నాను.

అయినా ఊరుకోలేదు. మర్నాడు సాయంత్రం ధైర్యం చేసి పెద్దక్క ఇంటికి వెళ్ళాను. దారంతా చెప్పుకుంటూ వెళ్ళాను, "అక్కా, ఏమీ అనుకోకు" అని మొదలెట్టాలని.

ఆవిడ అప్పటికే పంజరం కడిగి ఎండబెట్టింది. కొర్రలు ఒక సంచిలో, నీళ్ళ గిన్నెలు ఒక సంచిలో సర్దింది. నాకు టీ ఇచ్చి ఎదురుగా కూచుంది. రొమ్ములో గడ్డట. ఆలస్యమైందట. కోసేసి, తర్వాత మందులెక్కిస్తారట. మందుల షాపులో బిల్లు గురించి చెప్పినంత మామూలుగా చెప్పింది. పిట్టల దగ్గరికొచ్చేసరికి మాత్రం గొంతు మారింది.

"బడినుంచి వచ్చినా, సర్చినుంచి వచ్చినా, తాళం తీసిన సప్పుడికే అరుస్తాయే. ఈ భూమ్మీద నా కోసం అరిసినవి ఇయే."

నేను టీ తాగాను. చల్లారిపోయాక కూడా తాగుతూనే ఉన్నాను. "ఏమీ అనుకోకు" అన్న మాట గొంతు దాటలేదు. మా ఆయనకి లాగే, లోపల మాట ఉంది, బయటికి రాలేదు. కాకపోతే నాకే జబ్బూ లేదు.

ఆ రాత్రి అన్నాలయ్యాక మా ఆయన దగ్గర కూచున్నాను. పెళ్ళి కాకముందునుంచీ ఆయన నాకు మేనమావే, అలాగే పిలుస్తాను.

"మావా, పెద్దక్క పిట్టల్ని మనింట్లో పెట్టమంటన్నాది. మనిసికి బాగోలేదు. అవి వస్తే సిలక మాట మర్సిపోతాదని సావుకారు అంటన్నాడు. నువ్వేటంటావు? వద్దంటే నేనెల్లి వద్దని సెప్పేస్తాను."

వద్దను మావా అని లోపల వేడుకున్నాను. ఒక్కసారి వద్దని తల అడ్డంగా ఊపితే ఆ మాట ఆయన మీద పెట్టి బతికిపోదును. ఆయన చాలాసేపు చిలక వైపు చూశాడు. తర్వాత ఎడమచేత్తో నా చేతి మీద తట్టాడు. పెట్టమనా? నీ ఇష్టమనా? పోనీలే, ఏడవకు అనా? బస్సులో చిల్లర లేని ముసలమ్మల్ని దించలేక తన జేబులోంచి వేసిన మనిషి. అలాంటివాడు వద్దంటాడని ఎలా అనుకున్నానో. అయినా అది అవునని నేను ఒట్టు పెట్టలేను, ఇప్పటికీ.

పిట్టలు వచ్చాయి. చిలక వసారాలో ఉంటుంది కాబట్టి వాటిని వెనక పెరటివైపు, బట్టలుతికే చోట పెట్టాను. మధ్యలో రెండు గదులున్నాయి. తలుపులు మూశాను. కిటికీకి దుప్పటి కట్టాను. మా ఇల్లెంత, ఆ గొంతులెంత! లవ్ బర్డ్స్ అంటే మెల్లగా ముద్దుముద్దుగా కూస్తాయనుకునేవాళ్ళు ఒకరోజు మా ఇంట్లో ఉండాలి. తెల్లారకముందే సూది పెట్టి పొడిచినట్టు మొదలెడతాయి.

మొదట్లో చిలక తల వంచి విని, మళ్ళీ తన బస్సు తను తోలుకుంది. నాకు ప్రాణం లేచొచ్చింది. సావుకారు మాటలు నమ్మి అనవసరంగా భయపడ్డాననుకున్నాను. కొన్నాళ్ళకి అది పంజరంలో పెరటివైపు ఊచలకి అతుక్కుని కూచోవడం మొదలెట్టింది. ఆయన కుర్చీ ఇటు, దాని మొహం అటు. "ఇజీనగరం" అనేది, ఆగిపోయేది. పెరట్లోంచి కిచకిచ వినపడగానే ఒళ్ళంతా చెవులు చేసుకునేది. ఒకరోజు సన్నగా, కీచుగా, అచ్చం వాటిలాగే అరిచింది. పెరట్లోంచి జవాబొచ్చింది. ఆ సంతోషం ఏమిటో, పంజరమంతా గంతులేసింది. దాన్ని తిట్టడానికి నాకు నోరు రాలేదు. పుట్టాక మొదటిసారి దాని మాటకి పిట్ట బదులిచ్చింది.

ఆ తర్వాత ఒక పొద్దున్న తలుపు చాటునుంచి చూశాను. మా ఆయన కుర్చీలో కూచుని చిలక మొదలెడుతుందని చూస్తున్నాడు. అది మొదలెట్టలేదు. ఆయన ఊచల్ని వేలితో మెల్లగా కొట్టాడు. తర్వాత తనే మొదలెట్టాడు. ఎప్పుడూ చిలక అనే ఆ మొదటి ఊరు ఆయన సొంతంగా అనడం అదే మొదలు. ముక్కలు ముక్కలుగా కూడదీసుకుని "ఇ... ఇజీ..." అన్నాడు. చిలక ఆయన వైపు తిరగను కూడా తిరగలేదు. పెరటివైపు అరిచింది. ఆయన మళ్ళీ అన్నాడు. ఆగాడు. బస్సు రాని స్టాపులో నిలబడ్డ మనిషిలా అలాగే ఉండిపోయాడు. నాకు ఏడుపాగలేదు, నోట్లో కొంగు కుక్కుకున్నాను. అప్పుడైనా వెళ్ళి ఆయన పక్కన కూచుని ఆ తర్వాతి ఊరు నేను అనాల్సింది. నన్ను చూస్తే ఆపేస్తాడన్న భయంతో వెళ్ళలేదు. ఎలాగూ ఆపేశాడు. వారం తిరక్కుండా వసారాలో కుర్చీ ఖాళీ.

ఇంక లాభం లేదని పిట్టలకి వేరే చోటు వెతకడం మొదలెట్టాను. సమాజంలో కళ్ళు మూసుకుని ప్రార్థించిన ఆడవాళ్ళ దగ్గరికే ఒక్కొక్కరింటికీ వెళ్ళాను. కారణం చెప్పలేదు, మా ఆయనకి నిద్ర పట్టడం లేదన్నాను. అందరూ కూచోబెట్టి టీలిచ్చారు. అందరూ ఎంతో నెమ్మదిగా, "ప్రార్థన చేసి చెబుతాం" అన్నారు. ఆ మాట మొదటిసారి ఇవతలి పక్కనుంచి విన్నాను.

చివరికి విజయనగరంలో పిట్టలమ్మే దుకాణంలో ఇచ్చేద్దామని పంజరానికి గుడ్డ చుట్టి బస్సెక్కాను. కండక్టరు కుర్రవాడు మా ఆయన దగ్గర పని నేర్చుకున్నవాడు. టికెట్ కొట్టడం ఆపి, "మా గురువుగారు ఎలాగున్నారమ్మా? మాటొస్తన్నాదా?" అన్నాడు. "వస్తన్నాది బాబూ" అన్నాను. దుకాణం ముందుదాకా వెళ్ళాను. లోపల గూళ్ళ నిండా పిట్టలు, ఒకదాని మీద ఒకటి. మందులెక్కించుకుంటూ మంచం మీదున్న పెద్దక్క సాయంత్రం ఫోన్ చేసి, "ఒకసారి అరిపించవే, వింటాను" అంటుంది. రోజూ అంటుంది. ఏ పిట్టల్ని అరిపించను? మళ్ళీ గుడ్డ కప్పి ఇంటికి తెచ్చేశాను.

పెద్దక్క తిరిగొచ్చింది. దేవుడి దయవల్ల బాగానే వచ్చింది, సగానికి సగమైపోయి, తలకి స్కార్ఫ్ కట్టుకుని. ఆవిడ వస్తున్న రోజు నేను పంజరం కడిగాను, సంచులు సర్దాను. ఎన్నాళ్ళకో నాకు కడుపునిండా అన్నం సయించింది. ఆవిడ గేటు దగ్గరే ఆగిపోయింది.

"డాక్టర్లు పిట్టల దగ్గరుండకూడదన్నారే. వాటి దుమ్ము నాకు పడదట. ఇంకెప్పుడూ పెంచకూడదట." అని, గేటు మీంచి లోపలికి తొంగి చూసి, "నీ దగ్గరున్నాయి కాబట్టి బెంగ లేదు" అంది.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం చర్చినుంచి నేరుగా వస్తుంది. మూతికి మాస్కు కట్టుకుని పెరటి గోడ అవతలే నిలబడి వాటిని చూసుకుంటుంది. ఆవిడ గొంతు వినగానే అవి గోల గోల చేస్తాయి. వసారాలోంచి మా చిలక కూడా అందుకుంటుంది. మొన్న ఆదివారం అది విని పెద్దక్క పకపకా నవ్వింది. వైద్యం మొదలయ్యాక ఆవిడ అలా నవ్వడం చూడలేదు.

"ఓలమ్మో, మీ సిలక్కి కూడా మా వోల్ల బాస వచ్చేసినాదే! మీ ఇల్లు ఎంత సందడిగా ఉన్నాదో!"

మా ఆయన లోపలి గదిలో మంచం మీద కూచుని ఉన్నాడు. ఆవిడ పక్క సందులోంచి ఆ గది కిటికీ దగ్గరికి వచ్చి పలకరించింది. "ఏటి మరిదీ, నా పిట్టలు నిన్ను ఇబ్బంది పెడతన్నాయేటి?"

ఆయన లేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఒక పక్కకే వచ్చే ఆ నవ్వు నవ్వాడు. అక్కడితో అయిపోతుందనుకున్నాను. కానీ ఆయన మంచం పట్టె పట్టుకుని కొంచెం ముందుకి వంగాడు. నోరు తెరిచాడు. పెదాలు కదిలాయి, మెడ నరాలు బిగుసుకున్నాయి. చాలా నెలల తర్వాత ఒక మనిషితో, ఏదో చెప్పడానికి. పెద్దక్క ఎదురుచూసింది. నేనూ ఎదురుచూశాను. పెరట్లో పిట్టలు అరుస్తూనే ఉన్నాయి. మాట రాలేదు. పెదాలు ఇంకా కదులుతూనే ఉన్నాయి.

ఆయన పడే బాధ పెద్దక్క చూడలేకపోయింది.

"తెలుసులే మరిదీ, కట్టపడకు. అవి ఇక్కడే ఉండనీ అంటన్నావు, అంతే కదా?"

ఆయన నా వైపు చూశాడు.

"అవునక్కా, అదే అంటన్నాడు" అన్నాను నేను.

ఆయన నోరు మూసుకున్నాడు.